ఆ శాతాలు ఎవరు కొలిచారు?

థీసిస్ రెండో చాప్టర్ మొదటి డ్రాఫ్ట్ గైడ్ మేడమ్ చేతిలో పెట్టిన వారానికి తిరిగొచ్చింది. అరవై పేజీల్లో దిద్దుబాట్లు పెద్దగా లేవు. పద్నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాశారు: "ఇది ఎవరు కొలిచారు?"

ఆ వాక్యం ఇది: "విద్యార్థులు చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం, చూస్తూ విన్నదాంట్లో 50 శాతం, స్వయంగా చేసినదాంట్లో 90 శాతం గుర్తుంచుకుంటారు (డేల్, 1946)."

విద్యారంగంలో ఉన్నవాళ్లకు ఈ అంకెలు కొత్త కాదు. టీచర్ల శిక్షణ తరగతుల్లో, స్లైడ్ల మీద, గైడ్ పుస్తకాల్లో త్రిభుజం బొమ్మతో సహా కనిపిస్తూనే ఉంటాయి. నా పరిశోధన "చేస్తూ నేర్చుకోవడం" అనే పద్ధతి గురించి. కాబట్టి ఆ 90 శాతం మీదే చాప్టర్ మొత్తం నిలబెట్టాను.

"మేడమ్, డేల్ అని రిఫరెన్స్ ఇచ్చాను కదండీ" అన్నాను.

"డేల్ పుస్తకం చూశావా అమ్మా?"

చూడలేదు. ఒక వెబ్‌సైట్‌లో ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త పేరు ఉంది, అక్కడి నుంచి తీసుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"అయితే వెబ్‌సైట్ చూశానని రాయి. లేదా పుస్తకం చూసి రా. చూడనిది చూసినట్టు మాత్రం రాయకు."

కోపంగా ఏమీ అనలేదు, మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ఆ చాప్టర్‌లో మొత్తం 112 రిఫరెన్సులు. వాటిలో నేను నిజంగా తెరిచి చదివినవెన్ని అని లెక్కపెట్టుకుంటే సగం దాటలేదు.

మర్నాడు ఆ వెబ్‌సైట్ మళ్లీ తెరిచాను. మొదటిసారి ఎందుకు నమ్మానో గుర్తు చేసుకున్నాను. చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉంది. పైన పొందికైన లోగో ఉంది. ప్రకటనలు లేవు. అడుగున ఐదారు రిఫరెన్సులున్నాయి. అప్పట్లో నాకు ఇవి చాలు. డాట్ ఆర్గ్ చిరునామాను ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోవచ్చని, దానికి అర్హత పరీక్షలేవీ లేవని నాకప్పటికి తెలియదు. ఈసారి వేరే కళ్లతో చూస్తే, రాసినవారి పేరు ఎక్కడా లేదు. "పరిశోధనలు నిరూపించాయి" అన్న మాట మీద లింకు ఉంది. నొక్కితే ఇంకో సైట్‌కు వెళ్లింది. అక్కడా అవే అంకెలు, అక్కడా ఒక లింకు. అది మూడో సైట్‌కు తీసుకెళ్లింది. ఆ మూడోది ఆధారంగా చూపించింది దేన్నో తెలుసా? నేను బయల్దేరిన మొదటి సైట్‌నే. కాగితం మీద బాణాలు గీసుకుంటే గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాయి. ముగ్గురు చెబుతున్నారనుకున్న సంగతిని నిజానికి ఎవరూ చెప్పడం లేదు. ఒకరి మాట ఒకరు అప్పు తీసుకుంటున్నారు, అంతే.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్ తీసి నాలుగు గడులు గీశాను. ఏ అంకె, ఎవరి పేరు, ఏ సంవత్సరం, లింకు ఎక్కడికి. కనిపించిన ప్రతి పేజీనీ అందులోకి ఎక్కించాను. ఇరవై మూడు పేజీలయ్యాక గడుల్ని నిలువుగా చదువుతుంటే ఒక విషయం కళ్లకు కట్టింది. కొందరు ఎడ్గర్ డేల్, 1946 అన్నారు. కొందరు డేలే గానీ 1969 అన్నారు. మరికొందరు అమెరికాలోని నేషనల్ ట్రైనింగ్ లాబరేటరీస్ అనే శిక్షణ సంస్థ అన్నారు. కొందరు మిషెలిన్ చి బృందం 1989లో రాసిన వ్యాసం అన్నారు. అంకెలు కూడా ఒక్కటిగా లేవు. ఒక రకం బొమ్మలో వినడానికి 20 శాతం ఉంటే, మరో రకంలో ఉపన్యాసానికి 5 శాతమే ఉంది. ఉపన్యాసమంటే వినడమేగా! ఒకే పరిశోధన నుంచి వచ్చినవైతే 20, 5 రెండూ ఎలా ఉంటాయి? పైగా అన్నీ పదులు, ఐదులు. మనుషుల జ్ఞాపకశక్తిని నిజంగా కొలిస్తే 10, 20, 30, 50 అని అచ్చంగా తెగ్గొట్టినట్టు రావడం నేనెక్కడా చూడలేదు. ఏ వయసు పిల్లలు, ఏ పాఠం, ఎంతకాలం తర్వాత అడిగారు అన్నది ఏ పేజీలోనూ లేదు.

ఇక మిగిలింది డేల్ పుస్తకం. మా లైబ్రేరియన్ గారు ఓపిగ్గా వెతికి స్కాన్ ప్రతి తెప్పించి పెట్టారు. 1946లో వచ్చిన 'ఆడియో-విజువల్ మెథడ్స్ ఇన్ టీచింగ్'. పేజీలు పసుపు తిరిగాయి, అక్కడక్కడా అక్షరాలు వంకరగా స్కాన్ అయ్యాయి. అందరూ త్రిభుజంగా గీసే బొమ్మకు మూలమైన డేల్ శంకువు (కోన్) బొమ్మ ఉన్న పేజీ వచ్చేసరికి గుండె వేగం పెరిగింది. అట్టడుగున ప్రత్యక్షానుభవం. పైకి వెళ్లేకొద్దీ నాటకీకరణ, ప్రదర్శనలు, క్షేత్ర పర్యటనలు, సినిమాలు. శిఖరాన దృశ్య సంకేతాలు, మాటలు.

శాతాలు లేవు. ఒక్కటి కూడా లేదు.

బొమ్మ పక్కన లేవు, కింద లేవు, ఆ అధ్యాయంలోనే లేవు. రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివాను. డేల్ చెప్పింది అనుభవాలు ఎంత మూర్తంగా, ఎంత అమూర్తంగా ఉంటాయన్నది. ఏది ఎంత గుర్తుంటుందన్నది కాదు. పైగా ఈ శంకువును మరీ అక్షరాలా పట్టుకోవద్దని ఆయనే పాఠకులను హెచ్చరించారు. ఆయన బొమ్మ మీద ఆయన అనని మాటలు అతికించి, ఆ మాటలకు ఆయన్నే సాక్షిగా నిలబెట్టారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. చాలా బాధేసింది. ఆ పెద్దాయన ఎప్పుడో పోయారు, వచ్చి కాదని చెప్పలేరు.

మిగతా దారులు త్వరగానే తేలాయి. 1989 నాటి చి వ్యాసం దొరికింది. భౌతికశాస్త్రంలో పరిష్కరించిన లెక్కల్ని చదువుతూ విద్యార్థులు తమకు తాము ఎలా వివరించుకుంటారన్నది అందులోని విషయం. చక్కటి అధ్యయనం. త్రిభుజంతో దానికి ఏ సంబంధమూ లేదు. నేషనల్ ట్రైనింగ్ లాబరేటరీస్ దగ్గర ఆ అంకెల వెనకున్న అసలు పరిశోధన ఇప్పుడు దొరకదు. 10, 20, 30, 50 వరస అచ్చులో కనిపించింది 1967లో, ట్రైక్లర్ అనే ఆయన దృశ్యశ్రవణ పరికరాల గురించి ఒక వృత్తి పత్రికలో రాసిన వ్యాసంలో. దానికి ఆయన ఏ ఆధారమూ చూపలేదు.

ఇక్కడ చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. ఇదంతా నేను కొత్తగా కనిపెట్టలేదు. సుబ్రమణి, మొలెండా, బెట్రస్, థాల్‌హైమర్ అనే నలుగురు పరిశోధకులు ఈ అంకెల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, 2014లో 'ఎడ్యుకేషనల్ టెక్నాలజీ' పత్రికలో వరసగా వ్యాసాలు రాశారు. తొమ్మిదో రోజున అవి నా కంటబడ్డాయి. అంతకుముందు నేను వెతికినదంతా "చేస్తూ నేర్చుకుంటే 90 శాతం" అనే. నాకు కావాల్సిన జవాబును ప్రశ్నలోనే పెట్టి వెతికాను, సెర్చ్ ఇంజన్ నాకు కావాల్సిందే తెచ్చిచ్చింది. అదే "శంకువు శాతాలు, విమర్శ" అని వెతికుంటే మొదటి గంటలోనే తేలిపోయేది. అప్పటి నుంచి ఏ వాక్యమైనా నాకు మరీ నచ్చితే ముందు దానికి ఎదురు వెతుకుతున్నాను.

ఈ పని నడుస్తుండగానే మా డిపార్ట్‌మెంట్ సీనియర్ ఒకరు "నువ్వు సైట్‌లోనే కూర్చుని సైట్‌ను తూకం వేస్తున్నావు, బయటికి రా" అని ఒక అధ్యయనం చదవమన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసినది. పదిమంది చరిత్రకారులు, పదిమంది వృత్తిరీత్యా ఫ్యాక్ట్ చెకర్లు, ఇరవై ఐదు మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. అందరికీ అవే వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. అందులో రెండు సైట్లు పిల్లల డాక్టర్ల సంఘాలవి. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1930లో పుట్టిన పెద్ద వృత్తి సంఘం. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్, దాని నుంచి విడిపోయినవాళ్లు 2002లో పెట్టుకున్న చిన్న సంఘం. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండు సైట్లూ గంభీరంగానే ఉంటాయి. చరిత్రకారులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి చదువుతూ, లోగో చూస్తూ, రిఫరెన్సులు చూస్తూ ఉండిపోయి తికమకపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు కొద్దిసేపట్లోనే ఆ పేజీ వదిలి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, వీళ్ల గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు.

డాక్టరేట్లున్న చరిత్రకారులే అలా తడబడ్డారంటే నాకు కొంత ధైర్యం వచ్చింది, కొంత భయమూ వేసింది. అంతకుముందు నేను వాడింది లైబ్రరీల్లో నేర్పే చెక్‌లిస్టు. తేదీ ఉందా, రచయిత ఉన్నారా, విషయానికి సంబంధించిందేనా, భాష సవ్యంగా ఉందా, ఉద్దేశం ఏమిటి. 2004 నుంచి ఇది చాలాచోట్ల నేర్పుతున్నారు. చెడ్డదని అనను. కానీ అది చూసేదంతా ఆ పేజీ తన గురించి తాను చెప్పుకునేదే. నా డాట్ ఆర్గ్ సైట్‌ను ఆ పట్టీతో కొలిస్తే ఒక్క రచయిత పేరు దగ్గర తప్ప అన్నింట్లోనూ పాసైంది. ఇంకో "పరిశోధన కేంద్రం" నివేదికైతే అందులో కూడా తప్పలేదు. రచయితల పేర్లున్నాయి, తేదీ ఉంది, గ్రాఫులున్నాయి. ఆ కేంద్రం పేరు వేరే ట్యాబులో వెతికితే రెండు నిమిషాల్లో తెలిసింది, నివేదిక ఏ సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకుంటోందో దాన్ని అమ్మే కంపెనీయే ఆ కేంద్రాన్ని నడుపుతోందని. నివేదికలోని అంకెలు తప్పని అనలేను. కానీ ఆ సంగతి చెప్పకుండా దాన్ని థీసిస్‌లో పెట్టడం చదివేవాళ్లను మోసం చేయడమే. తీసేశాను.

వికీపీడియా గురించి కూడా ఒక మాట. మాకు మొదటి నుంచీ "వికీపీడియా ముట్టుకోవద్దు" అనే నేర్పారు. రిఫరెన్స్‌గా ఇవ్వకూడదన్నది నిజమే. కానీ ఒక సంస్థ ఎవరిది, ఒక వాదన మీద గొడవ ఉందా అని ముందుగా తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. వ్యాసం కన్నా అడుగునున్న ఫుట్‌నోట్లు, చర్చా పేజీ ఎక్కువ చదువుతాను. అక్కడి లింకు చచ్చిపోయి ఉంటే, పాత పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషిన్‌లో చిరునామా వేస్తే చాలాసార్లు దొరుకుతుంది.

మిగిలిన 111 రిఫరెన్సుల పని అప్పుడు మొదలైంది. ఒక్కొక్కటీ తెరవడానికి రెండు నెలలు పట్టింది.

జర్నల్ వ్యాసాల జోలికి పోనక్కర్లేదులే, పీర్ రివ్యూ అయినవే, అంటే అదే రంగంలోని నిపుణులు ముందే చదివి పరీక్షించినవే కదా అనుకున్నాను. అది కూడా నిలవలేదు. ఒక వ్యాసం మొదటి పేజీ మీద చిన్న అక్షరాల్లో రెండు తేదీలున్నాయి, అందినది, ఆమోదించినది. మధ్యలో నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో సమీక్షకులను వెతికి, చదివించి, సవరణలు చేయించడం అయ్యే పని కాదు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే ప్రిడేటరీ జర్నళ్ల గురించి వినడమే గానీ, నా జాబితాలోనే ఒకటి ఉంటుందనుకోలేదు. జాన్ బొహానన్ అనే జర్నలిస్టు 2013లో 'సైన్స్' పత్రికలో రాశారు. తప్పులు కావాలనే పెట్టిన ఒక నకిలీ వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదవగలిగే 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి. అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట అనుకోవాలి. రచయితల దగ్గర ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ మోసపుది కాదు, మంచివీ తీసుకుంటాయి. అందుకే ఫీజు చూసి కాదు, ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా అయిన డీవోఏజే డైరెక్టరీలో ఉందా, జర్నల్‌ను గుర్తించే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు అదే పేరుకు చెందిందా, సంపాదక వర్గంలో ఉన్నవాళ్లు తమ సొంత పేజీల్లో ఆ జర్నల్ పేరు చెప్పుకుంటున్నారా అని చూడటం మొదలుపెట్టాను. డీవోఐ ఉంటే చాలనుకునేవాళ్లు మా తోటివాళ్లలో ఇప్పటికీ ఉన్నారు. డీవోఐ అనేది ఆ వ్యాసానికి చెదరని చిరునామా, అంతవరకే. ఇంటికి నంబరు ఉన్నంత మాత్రాన ఇంట్లోవాళ్లు మంచివాళ్లని కాదు కదా.

అంతకన్నా గట్టి దెబ్బ ఇంకోటి. నా ల్యాప్‌టాప్‌లో మూడేళ్ల కింద దాచుకున్న పీడీఎఫ్ ఒకటి ఉంది, గీతలు గీసి, పక్కన నోట్లు రాసుకుని ఎంతో ఇష్టంగా చదివినది. రిఫరెన్సులన్నీ వాటిని దాచే జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తుంటే దాని మీద ఎర్ర పట్టీ వచ్చింది, ఉపసంహరించారని. జర్నల్ సైట్‌కు వెళ్తే నోటీసు ఉంది. ఏడాది కిందటే వెనక్కి తీసుకున్నారు. నా దగ్గరున్న పీడీఎఫ్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? దాచుకున్న ప్రతి దాచుకున్న రోజు దగ్గరే ఆగిపోతుంది. లోకం అంతా ఎరిగిన ఉదాహరణ ఉంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు ఆటిజానికి ముడిపెట్టిన వ్యాసం 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చింది 1998లో, పన్నెండు మంది పిల్లల మీద. పూర్తిగా ఉపసంహరించింది 2010లో. పన్నెండేళ్లపాటు అది పేరున్న జర్నల్‌లోని, పీర్ రివ్యూ అయిన వ్యాసమే. ఇప్పుడు ప్రతి వ్యాసానికీ జర్నల్ పేజీ మళ్లీ తెరిచి చూస్తాను, ఉపసంహరించిన వ్యాసాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో పేరు వెతుకుతాను. చాప్టర్ ఇచ్చే ముందు ఒకసారి, థీసిస్ సమర్పించే ముందు ఇంకోసారి.

ఏఐ చాట్‌బాట్ సంగతి క్లుప్తంగానే చెబుతాను. అలసిపోయిన ఒక రాత్రి ఐదు రిఫరెన్సులు అడిగాను. ఐదూ చూడముచ్చటగా వచ్చాయి. రెండు అసలు ఉన్నవి. ఒకదాంట్లో రచయిత నిజం, జర్నల్ నిజం, సంపుటం నంబరు కూడా నిజమే. ఆ సంపుటం తెరిచి ఆ పేజీకి వెళ్తే అక్కడ ఇంకెవరిదో వ్యాసం ఉంది. మిగతా రెండూ ఎక్కడా లేవు. లేని వ్యాసాన్ని ఉటంకించడం యంత్రాలతో మొదలైంది కూడా కాదు. ఒక ప్రచురణ సంస్థ రచయితలకిచ్చే టెంప్లేట్‌లో రిఫరెన్స్ ఎలా రాయాలో చూపించడానికి పెట్టిన ఉత్తుత్తి వ్యాసం ఒకటుంది. దాన్ని నిజమైనదిగా దాదాపు 400 సార్లు ఉటంకించారని 2017లో ఆన్-విల్ హార్జింగ్ బయటపెట్టారు. తెరిచి చూసి ఉంటే వాళ్లలో ఒక్కరూ రాసేవారు కాదు.

రెండు నెలల తర్వాత 112లో 79 మిగిలాయి. తీసేసిన వాటిలో అన్నీ అబద్ధాలు కావు. మూలం చేతికి అందనివి కొన్ని, నేను చెప్పదలచుకున్నదాన్ని అవి చెప్పనివి చాలా.

పద్నాలుగో పేజీలో గీత గీసిన వాక్యం ఉన్నచోట ఇప్పుడు ఏం రాయాలన్నదే చివరిదాకా తేలలేదు. 90 శాతం పోయాక నా వాదనకు కాళ్లు లేవు. ఈసారి జవాబు ముందే అనుకోకుండా వెతికాను. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ దొరికింది. ఉపన్యాస పద్ధతినీ, విద్యార్థులు స్వయంగా పాల్గొనే పద్ధతినీ పోల్చిన 225 అధ్యయనాలను కలిపి చూశారు. పాల్గొనే తరగతుల్లో పరీక్ష మార్కులు సుమారు 6 శాతం మెరుగయ్యాయి. ఉపన్యాసమే విన్న తరగతుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉంది. 90 శాతం పక్కన 6 శాతం చాలా చిన్నగా కనిపిస్తుంది. కానీ దీన్ని కొలిచారు. ఎవరు కొలిచారో, ఎలా కొలిచారో పట్టికలతో సహా చదివాను.

పాత వాక్యం కొట్టేసి, డేల్ నిజంగా ఏం చెప్పారో ఒక వాక్యం, శాతాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక వాక్యం, ఫ్రీమన్ బృందం ఫలితం రెండు వాక్యాలు రాసి రెండో డ్రాఫ్ట్ ఇచ్చాను.

ఐదు రోజుల్లో తిరిగొచ్చింది. పద్నాలుగో పేజీలో మళ్లీ పెన్సిల్ గీత, మార్జిన్‌లో మళ్లీ చిన్న అక్షరాలు: "ఈ 225లో స్కూలు పిల్లల మీద చేసినవి ఎన్ని?"

ఒక్కటీ లేదు. అన్నీ కాలేజీ స్థాయి సైన్స్, ఇంజనీరింగ్, గణితం తరగతులే. నా పరిశోధన ఎనిమిదో తరగతి పిల్లల మీద. ఈసారి జవాబు వెతకాల్సిన పని లేకపోయింది, వ్యాసం చదివాను కాబట్టి నాకు తెలుసు. తెలిసీ రాయలేదు. ఆ సాయంత్రమే ఐదో వాక్యం చేర్చాను.